పదివేల ఏడు

ఆమె పోయిందన్న కబురు మా బడి పాత విద్యార్థుల వాట్సాప్ గుంపులో పడగానే ఒకరి వెనక ఒకరు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఎంత సౌమ్యురాలో అని ఒకరు రాశారు. పల్లెత్తు మాట అనేది కాదని ఇంకొకరు. నాకు ఒళ్లు మండింది. చెన్నై తొండియార్‌పేటలోని ఆ తెలుగు బడిలో పదకొండేళ్లు ఆమె లెక్కలు చెప్పే గదికి పక్క గదిలో సైన్సు చెప్పినవాణ్ణి నేను. గోడ అవతల ఆమె గొంతు లేస్తే ఇవతల నా క్లాసు పిల్లలు కాళ్లు దగ్గరికి తీసుకుని కూర్చునేవాళ్లు. మనిషి పోయింది కదా అని ఆమె పదునంతా అరగదీసి దండ వేసేయడం నాకు చేతకాదు.

పొట్టి మనిషి. నూలుచీర కుచ్చిళ్లు జానెడు ఎత్తుగా కట్టేది, మెట్లెక్కేటప్పుడు కాళ్లకు అడ్డం పడకూడదని. కొత్త చాక్‌పీసు చేతికిస్తే ముందు దాన్ని రెండుగా విరిచేది. నిండు చాక్‌పీసు బోర్డు మీద కీచుమంటుందట, ఆ చప్పుడుకు ఆలోచన చెదిరిపోతుందట. ఇడ్లీని కూడా స్పూనుతో సరిగ్గా నాలుగు ముక్కలు చేసి, నాలుగూ సమానంగా ఉన్నాయని చూసుకున్నాకే చట్నీ ముట్టేది.

ఎవరు ఏ సాకు చెప్పినా ఆమె నోట ఒకటే మాట. ఒకరోజు నేను బడికి ఆలస్యంగా వచ్చాను.

"రైలు గేటు పడింది టీచర్."

"గేటు పడేది పది నిమిషాలు. నువ్వొచ్చింది ఇరవై నిమిషాలు లేటు. శేషం ఉండాదే సార్!"

బడి గేటు లోపల నన్ను సార్ అనేది, గేటు దాటితే నాయనా అనేది. తిట్టడానికి మాత్రం ఆ తేడా లేదు, లోపలైనా బయటైనా ఒకటే.

ఆమె చివరి ఏడాది సర్వీసులో ఒక మధ్యాహ్నం పిల్లలకు ముందునుంచి చదివినా వెనకనుంచి చదివినా ఒకేలా ఉండే సంఖ్యల గురించి చెబుతోంది. గోడ అవతలనుంచి నాకంతా వినిపిస్తూనే ఉంది. "అంకెలు నాలుగో, ఆరో, ఎనిమిదో, సరిసంఖ్యలో ఉంటే చాలు. ఆ సంఖ్య పదకొండుకు దొరికిపోతాది. యాడికీ తప్పించుకోలేదు." 3883 రాసి భాగించి చూపించింది. 275572 రాసి చూపించింది. అప్పుడు వెనక బెంచీ అమ్మాయి ఒకతె అడిగింది, అంకెలు బేసిగా ఉంటే ఏమవుతుంది టీచర్ అని.

"అప్పుడు పదకొండు పప్పులు ప్రతిసారీ ఉడకవు. వేరే ఎవురో ఒకరు విరగ్గొట్టాల" అంటూ నోటికొచ్చిన తొమ్మిదంకెలు బోర్డు మీద రాసింది: 308505803. ముప్పై కోట్ల ఎనభై అయిదు లక్షల అయిదు వేల ఎనిమిది వందల మూడు. మూడుతో పోలేదు. ఏడుతో భాగిస్తే నాలుగు మిగిలింది, పదకొండుతో ఒకటి, పదమూడుతో ఎనిమిది. గంట కొట్టేదాకా క్లాసంతా కూర్చుని డెబ్బై మూడు దాకా వెళ్లారు. అది విరగలేదు.

స్టాఫ్ రూములో ఆరోజు ఆమె టీ ముట్టలేదు. అప్పటి హెడ్మాస్టరు నవ్వాడు.

"పోనీండి టీచర్. అది తేలకపోతే బడి మూసేస్తారా ఏంది?"

"తేల్తాది సార్. తేలిన దినం వచ్చి మీ బోర్డు మీదనే రాస్తా."

ఆ ఎండాకాలం ఆమె రిటైరయింది. పిల్లలు దాన్ని వికటకవి నంబరు అని కొన్నాళ్లు చెప్పుకుని నవ్వుకున్నారు, తర్వాత మర్చిపోయారు. ఆమె మర్చిపోలేదు.

ఒక సంఖ్య విరుగుతుందో లేదో తెలియాలంటే దాని వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో ఒక్కొక్కటిగా భాగించి చూస్తే సరిపోతుంది. ఈ సంఖ్యకు అది పదిహేడు వేల అయిదు వందల అరవై నాలుగు దగ్గర ఆగుతుంది. అక్కడిదాకా ఉన్న ప్రధాన సంఖ్యలు రెండువేల చిల్లర. ఆమె రోజుకు ఒకటి చొప్పున పెట్టుకుంది. "అంతకుమించి చేస్తే చెయ్యి తొందరపడతాది" అనేది. అంటే అయిదున్నర ఏళ్ల పైమాటే. నేనైతే ఆ లెక్క వేసుకున్న రోజే పెన్సిలు పడేసి ఉండేవాణ్ణి.

హార్బరు కంటెయినర్ లారీలు తిరిగే రోడ్డుకు రెండు సందుల ఇవతల, మొదటి అంతస్తులో ఆమె, ఆమె చెల్లెలు ఉండేవాళ్లు. పొద్దున స్నానం, దీపం, ఆ వెంటనే భాగహారం. పెన్సిలుతో, గీతల నోటు పుస్తకంలో, పేజీకి ఒకటి. శేషం తేలేదాకా కాఫీ లేదు. "ఈమెకు శేషం వచ్చేదాకా నాకు పాలు పొంగవు సార్" అని చెల్లెలు వంటింట్లోంచి గొణిగేది. లారీ వెళ్తే కిటికీ అద్దాలు అదిరేవి. ఆ అదురుకు పెన్సిలు పక్కకు జరగకుండా ఆమె ఎడమచేత్తో పుస్తకాన్ని గట్టిగా అదిమిపెట్టేది.

నేను పక్క వీధిలోనే ఉండేవాణ్ణి. బడికి పోతూ ఏడింటికి స్కూటరు ఆపి పైకెక్కడం నా పని. ఎందుకంటే ఏ లెక్కకైనా రెండో మనిషి సరిచూసి సంతకం పెట్టాలని ఆమె నియమం. సరిచూడడం తేలిక. ఆ సంఖ్య అంకెలన్నీ కూడితే ముప్పై రెండు, మూడూ రెండూ అయిదు. ఏ ప్రధాన సంఖ్యతో భాగించినా, భాజకం అంకెల మొత్తాన్ని భాగఫలం అంకెల మొత్తంతో గుణించి, శేషం అంకెలు కలిపి, తొమ్మిదులు తీసేస్తే మళ్లీ అయిదే రావాలి. రికార్డు నోట్లు దిద్దే ఆకుపచ్చ పెన్నుతో పక్కన ఆ కూడిక వేసి, 'సరి' అని రాసి, సంతకం పెట్టేవాణ్ణి.

"అయిదొచ్చిందా నాయనా?"

"వచ్చింది టీచర్."

అప్పుడు కాఫీ వచ్చేది. అన్ని వందల పొద్దులు అలాగే గడిచాయి.

మొదట్లోనే నాచేత ఒక ఒట్టు వేయించుకుంది. నోటు పుస్తకం మీద చెయ్యి పెట్టమంది. "నీ ఫోను ఒక్క నిమిషంలో చెప్పేస్తాది. నాకు తెలీదనుకోవద్దు. కానీ అది చెప్తే నేను విన్నట్టు, చేసినట్టు గాదు. నువ్వు దాన్ని అడగగూడదు. ఎవుర్నీ అడగనియ్యగూడదు." సైన్సు మాస్టర్ని, నాకు నవ్వొచ్చింది. అయినా చెయ్యి పెట్టాను.

మూడేళ్లకు పైగా గడిచాక ఆమె కంటికి శుక్లం ఆపరేషన్ చేశారు. భాగించాల్సిన ప్రధాన సంఖ్యల పట్టిక కూడా ఆమె సొంతంగా తయారుచేసుకున్నదే: బేసి సంఖ్యలన్నీ వరసగా రాసి, మూడో ఎక్కంలోవి, అయిదో ఎక్కంలోవి, ఏడో ఎక్కంలోవి కొట్టేసుకుంటూ పోతే మిగిలేవి ప్రధాన సంఖ్యలు. దాన్ని ఆమె జల్లెడ అనేది. పదివేల దాకా ఆమె చేత్తో పట్టిన జల్లెడే. ఆ పైన మిగిలిన కాగితాలు, కంటికి కట్టు ఉన్న ఆ రెండు వారాల్లో, నేను పట్టాను. "తప్పుగా ఏదన్నా కొట్టేస్తే కంగారుపడొద్దు. దాని చుట్టూ సున్న చుట్టు. సున్న ఉంటే అది బతికినట్టు" అని చెప్పింది. సరే టీచర్ అన్నాను.

కథ ఇక్కడిదాకా ఒక మొండి మనిషి ముచ్చట. దాన్ని నేను పాడుచేశాను.

ఆమె లెక్క ఆఖరుకు వచ్చింది. ఇంకా పన్నెండు ప్రధాన సంఖ్యలు మిగిలాయి. బడి వార్షికోత్సవానికి ఆమెను మాట్లాడమని పిలిచారు. ఆనాటి హెడ్మాస్టరే ముఖ్య అతిథి. ఆఖరి భాగహారం శుక్రవారం పొద్దున, సభ శనివారం సాయంత్రం అని ఆమె ముందే లెక్కవేసి పెట్టుకుంది. వేదిక మీదికి నల్లబోర్డు కావాలని అడిగి మరీ పెట్టించుకుంది. ఆ సంఖ్యను ఎవ్వరూ విరగ్గొట్టలేరని, అదీ ప్రధాన సంఖ్యేనని, ఆ బోర్డు మీద రాయబోతోంది.

ఆ ఆదివారం పురసవాక్కంలో ఒక బట్టల షాపులో మా ఆవిడ చీరలు తీయిస్తోంది. మొగుళ్ల కోసం వేసిన ప్లాస్టిక్ కుర్చీల్లో ఒకదాంట్లో గంటన్నరగా కూర్చున్నాను. తోచలేదు. ఇంక పన్నెండే కదా, ఎలాగూ తేలిపోయినట్టే కదా అనుకుని ఫోనులో ఆ తొమ్మిదంకెలూ కొట్టాను. రెప్పపాటులో వచ్చింది: 10007 × 30829.

ఇంకోసారి కొట్టి చూశాను, అదే వచ్చింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, మొదటి క్షణంలో కాస్త సంతోషం కూడా కలిగింది, ఇన్నాళ్లకు ఆమె లెక్క తప్పిందని. ఆ తర్వాతే గుర్తొచ్చింది, ప్రతి పేజీ కిందా నా సంతకం ఉంది. మా ఆవిడ రెండు చీరలు ఎత్తి చూపించి ఏది బాగుందని అడిగింది. ఏం చెప్పానో గుర్తులేదు.

మర్నాడు పొద్దున ఆమె భాగహారం చేస్తుంటే పాత పుస్తకం ఒకటి తిరగేశాను. 9973 పేజీ ఉంది. తర్వాతి పేజీ 10009. మధ్యలో పదివేల ఏడు అసలు లేదు. ఐదంకెల ప్రధాన సంఖ్యల్లో మొట్టమొదటిది, దాంతో ఆమె ఎప్పుడూ భాగించనే లేదు. జల్లెడ కాగితాల కట్ట తీశాను. పదివేల పైన మొదటి కాగితం, మొదటి వరస. ఏడో ఎక్కంలో పదివేల మూడును కొట్టాల్సిన ఆకుపచ్చ గీత ముందు పదివేల ఏడు మీద పడింది. తప్పు తెలుసుకుని పదివేల మూడును కూడా కొట్టినట్టున్నాను. సున్న చుట్టడం మర్చిపోయాను. నా కంటికి ఏ ఆపరేషనూ కాలేదు. ఆ రోజుల్లో ఫోనులో క్రికెట్ పెట్టుకుని గీతలు కొట్టిన మాట వాస్తవం.

"ఏందబ్బా వెతకతా ఉండావు?" తలెత్తకుండానే అడిగింది.

"ఊరికే చూస్తున్నా టీచర్."

ఆరోజే చెప్పాల్సింది. చెప్పలేదు. శనివారం సభలో రెండు వందల మంది ఉంటారు, ప్రతి చేతిలోనూ ఫోను ఉంటుంది. ఆమె ఆ సంఖ్య రాసి ఇది విరగదు అన్న మరుక్షణం ఎవడో ఒకడు నొక్కి చూస్తాడు, నవ్వుతాడు, ఆ నవ్వు వరసలు దాటుకుని హెడ్మాస్టరు దాకా వెళ్తుంది. అయినా పొద్దున మెట్లెక్కి ఆమె మొహం చూడగానే వేరే సంగతి ఎత్తేవాణ్ణి. పదేళ్లు చిన్నదైపోయినట్టు ఉండేది ఆ రోజుల్లో. చెల్లెల్ని కసరడం కూడా మానేసింది. రేపు చెబుదాం అనుకుని అయిదు కూడి, 'సరి' అని రాసి, సంతకం పెట్టి, కాఫీ తాగి వచ్చేసేవాణ్ణి. రాత్రి మా ఆవిడ ఏమైందని అడిగితే గ్యాసు అనేవాణ్ణి. ఇలా పన్నెండు రోజులు.

శుక్రవారం. ఆఖరి సంఖ్య, 17551. ఆమె కొత్త పెన్సిలు చెక్కుకుంది. చెల్లెలు వంటింటి గడపలో నిలబడింది. భాగఫలం 17577, శేషం 11876. నేను కూడాను. అయిదు వచ్చింది.

ఆమె వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది. "అయిపోయింది" అంది, తనలో తనే. "ఇంతమందిలో ఎవురి చేతా గాలేదు సూడు."

"ఇంకొకటి ఉంది టీచర్."

"యాడుంది? పదిహేడు వేల అయిదు వందల యాభై ఏడును తొంభై ఏడు కొట్టేస్తాది. అరవై ఒకటిని పదిహేడు. అరవై మూడును ఏడు. అప్పరం వర్గమూలం దాటిపోతాం."

"పైన కాదు. కింద ఉంది. పదివేల ఏడు."

ఆమె నావైపు చూసింది. పాత పుస్తకం తీసి 9973, 10009 చూసుకుంది. కొత్త పేజీ తిప్పి, ఎడమచేత్తో అదిమిపెట్టి, భాగించడం మొదలుపెట్టింది. మూడుసార్లు పోతే 829. తర్వాతి అంకె దించింది, పోలేదు, సున్న. ఎనిమిదిసార్లు పోతే 2902. రెండుసార్లు పోతే 9006. ఆఖరి మూడు దించింది. 90063 అయింది. పెన్సిలు అక్కడ ఆగింది. వీధి చివర లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ వెళ్లింది. పదివేల ఏడును తొమ్మిదితో గుణిస్తే ఎంతో ఆ గదిలో ఇద్దరికీ తెలుసు. ఆమె తొమ్మిది వేసి, కింద 90063 రాసి, గీత గీసి, సున్న పెట్టింది.

"చూడు నాయనా. అయిదొచ్చిందా?"

ఎనిమిది నాలుగుల ముప్పై రెండు. మూడూ రెండూ అయిదు. "వచ్చింది టీచర్."

"సంతకం పెట్టు."

పెట్టాను. ఆమె జల్లెడ కాగితం తీయించి, మొదటి వరస మీద వేలు పెట్టింది.

"ఇది నీ ఆకుపచ్చ."

"అవును టీచర్. సున్న చుట్టడం మర్చిపోయినా."

"చెయ్యి జారతాది. నాకెన్ని తూర్లు జారలేదు! నీ జల్లెడని మళ్లా ఒక తూరి పట్టకపోవడం నా తప్పు." అక్కడితో అయిపోయిందనుకుని ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు అడిగింది. "నీకెప్పుడు తెలిసింది?"

అబద్ధం చెప్పడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు. "పన్నెండు దినాలైంది. ఫోనులో చూసినా."

ఒట్టు సంగతి ఆమె ఎత్తలేదు. పుస్తకాన్ని ఆఖరినుంచి ఒక్కొక్క పేజీ వెనక్కి తిప్పింది. ప్రతి పేజీలో నా సంతకం మీద వేలు పెట్టి ఆగింది. "ఇది తెలిసే పెట్టినావా?" ఇంకో పేజీ. "ఇది?" ఇంకోటి. పన్నెండూ తిప్పింది. నేను తట్టుకోలేకపోయాను.

"ఆ లెక్కలన్నీ సరైనవే కదా టీచర్."

"లెక్కలు సరే. నువ్వే సరిగా లేవు."

అంతకుముందు పదహారేళ్లలో ఆమె నన్ను వంద తిట్లు తిట్టి ఉంటుంది. ఒక్కటీ ఇంత మెల్లగా అనలేదు. చెల్లెలు కాఫీ తెచ్చి మధ్యలో పెట్టింది. ఇద్దరం తాగాం. రేపు సభకు వెళ్లొద్దు టీచర్, ఒంట్లో బాగాలేదని నేను చెబుతాను అన్నాను. ఆమె గ్లాసు కింద పెట్టి, "పో, బడికి టైమయింది" అంది.

శనివారం వెళ్లింది. ఎప్పటి నూలుచీరే, ఎప్పటి ఎత్తు కుచ్చిళ్లే. నేను మూడో వరసలో కూర్చున్నాను, పక్కన మా ఆవిడ. హెడ్మాస్టరు మైకు దగ్గర ఆమెను చూసి సంబరపడ్డాడు. ముసలివాడైపోయాడు పాపం. "మీ నంబరు ఏమైంది టీచర్? విరిగిందా, నిలిచిందా?" హాలంతా నవ్వింది, ఇంకా మంచి నవ్వే.

చాక్‌పీసు తీసుకుని రెండుగా విరిచింది. 308505803 రాసింది. నా ముందు వరసలో ఒకావిడ, పాత విద్యార్థినే, హ్యాండ్‌బ్యాగు లోంచి ఫోను తీసింది. బోర్డు చూసుకుంటూ ఒక్కో అంకే నొక్కుతోంది. బోర్డు మీద మాత్రం ఆమె తొందరేమీ పడలేదు. ఆ తొమ్మిదంకెల పక్కన పదివేల ఏడు వేసి భాగించడం మొదలుపెట్టింది. 829. 2902. 9006. ముందు వరసలో ఆవిడ ఫోనులోంచి తలెత్తి బోర్డు చూసి, నోరు తెరిచి, మళ్లీ ఫోను చూసుకుంది. ఈలోగా బోర్డు మీద ఆఖరి సున్న పడింది.

"విరిగింది సార్" అంది మైకులో. "రెండేండ్ల ముందరే విరగాల్సింది. జల్లెడలో ఈ సంఖ్యని పొరపాటున కొట్టేసి ఉండాది. దాంతో భాగించకుండా దాటిపోయినా. అప్పటినించి చేసిందంతా, సరైన లెక్కే అయినా, పనికిరాని లెక్క."

ఎవరూ నవ్వలేదు. హెడ్మాస్టరు కూడా నవ్వలేదు. ఆయన చెడ్డవాడు కాదు, మాట కలపడానికే అడిగాడు.

"అయ్యో, ఎవురు కొట్టేసినారు టీచర్?"

ఆమె హాలు మొత్తం ఒకసారి చూసింది. మొదటి వరస, రెండో వరస. మూడో వరస మీదకు ఆమె కళ్లు రాలేదు, దాన్ని దాటి వెనక్కి వెళ్లిపోయాయి.

"ఆ పుస్తకం నాది సార్. దాంట్లో గీతలన్నీ నావే."

లేచి నిలబడి, ఆ గీత నాది అనడానికి పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. లేవడానికని మోకాళ్ల మీద చేతులు కూడా ఆనించుకున్నాను. అప్పటికే ముందు వరసలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. తన తప్పు తానే ఒప్పుకుంది చూడండి అంటూ మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. హాలంతా చప్పట్లు. మోకాళ్ల మీదనుంచి చేతులు తీసి నేనూ కొట్టాను.